ఆలస్యంగా వచ్చే ఆమెన్

హెస్టర్ నాతో అన్న మొదటి మాట, "కాలు తీయండి."

ఆ కాలు నాదే. చర్చి నడిమి దారిలో అడ్డంగా చాపుకుని ఓక్ చెక్కకి చిత్రిక పడుతున్నాను. ఆవిడ చంకలో కీర్తనల పుస్తకాలు, చేతిలో సైకిల్ పంపు, ముక్కు చివర ఒక వాన చుక్క.

"చుట్టూ తిరిగి వెళ్ళొచ్చుగా," అన్నాను.

"రెండేళ్ళుగా ఈ దారినే వెళ్తున్నాను. మీ కాలే ఇవాళ కొత్తగా వచ్చింది."

తీశాను. ఆవిడ దాటి వెళ్ళకుండా అక్కడే ఆగి చెక్క వంక చూసింది.

"వేసంకాలం నుంచీ దీన్నే గీకుతున్నారు. ఇది చివరికి అరుగవుతుందా, అగ్గిపుల్లవుతుందా?"

"ఓక్ ఇది. తొందరపెడితే పగుల్తుంది. మనుషుల్లాగే."

"మనుషులు తొందరపెట్టకపోయినా పగుల్తారు," అని వెళ్ళిపోయింది. ముక్కు చివరి చుక్క నా చెక్క మీద పడింది. దాని మీద చిత్రిక ఆడించడానికి ఎందుకో చెయ్యి రాలేదు.

ఆవిడ ముఖం అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కుడి చెవి మాత్రం నాకు రెండేళ్ళుగా తెలుసు.

అదెలాగో చెబుతాను.

మాది నార్ఫోక్‌లో ఆల్డర్‌మియర్ అనే చిన్న ఊరు. అమ్మానాన్నా పోయాక నన్ను ఇనిడ్ పెద్దమ్మ పెంచింది. మా చర్చి పెద్ద కూడా ఆవిడే. పదిహేనో ఏట నేను బడి మానేశాను. వీడు వట్టి చెక్కమొద్దు అని మాస్టారు అంటే, సరే అని చెక్కపనిలోకే పోయాను. అప్పట్నుంచి లోకంతో నాకు పెద్ద సఖ్యత లేదు. ముప్పై నిండకుండానే ఊళ్ళో నన్ను 'చేదు క్లెమ్' అనేవారు. అన్నవాళ్ళ ఇళ్ళ తలుపులు బాగుచేసేటప్పుడు కిర్రుమనే మడతబందుని అలాగే వదిలి వచ్చేవాణ్ణి.

పెద్దమ్మ ఇంట్లో చట్టం ఒక్కటే. ఆదివారం ఆరాధనకి రానివాడికి మధ్యాహ్నం మాంసం రోస్ట్ లేదు. దేవుడి మీద నాకు పెద్ద గురి లేకపోయినా, ఆవిడ వేపే బంగాళదుంపల మీద ఉంది. కాబట్టి వెళ్ళేవాణ్ణి.

ఉత్తరపు వరసలో మొదటి బెంచీ నాది. ముందు లావుపాటి రాతి స్తంభం. దాని వెనక కూర్చుంటే పాదిరి గాడ్‌ఫ్రీ గారికి నేను కనబడను, నాకు ఆయన కనబడరు. ఇద్దరికీ సుఖం. చివరి కీర్తన పూర్తి కాకముందే గోపురం పక్క తలుపులోంచి జారుకునేవాణ్ణి. లేకపోతే గుమ్మంలో ఆయనతో చెయ్యి కలపాలి, ఆరోగ్యం గురించి చెప్పాలి.

ఆ స్తంభం పక్కనే గోడలో ఏటవాలుగా ఒక కన్నం ఉంది. పిల్లల పలకంత ఉంటుంది. పక్క వరసలో నిలబడ్డ బీదాబిక్కీ కూడా, పీఠం దగ్గర పాదిరి పవిత్రమైన రొట్టె పైకెత్తినప్పుడు చూడగలగాలని, పాతకాలంలో ఎవడో తాపీమేస్త్రి గోడని ఐమూలగా తొలిచాడు. మంచివాడు. తర్వాత వాళ్ళ మనవలకి ఉన్ని వ్యాపారంలో నాలుగు డబ్బులు వచ్చాయి. గొప్పకి పోయి పీఠం గదిని తూర్పుకి పొడిగించారు. పీఠం జరిగింది గానీ కన్నం జరగలేదు. ఆనాటి నుంచి అందులోంచి చూస్తే పీఠం కనబడదు, దక్షిణపు గోడ కనబడుతుంది. మూసేస్తే బాగుండునని అందరికీ ఉంటుంది. ముందు ఎవరు అనాలని కొన్ని వందల ఏళ్ళుగా మొహమాటపడుతున్నారు. మావాళ్ళంతే.

ముత్తాతల నాడు ఆర్గన్ కొన్నప్పుడు దాన్ని తెచ్చి సరిగ్గా ఆ దక్షిణపు గోడకే ఆనించారు. వాయించేవాళ్ళు గోడకేసి తిరిగి కూర్చోవాలి. అందువల్ల కన్నంలోంచి నాకు కనబడేవి ఒక కుడి చెవి, ఆ చెవి వెనక ఎంత దోపినా నిలవని ఒక ఎర్రటి జుట్టుపాయ, అప్పుడప్పుడు పేజీ తిప్పే ఒక చెయ్యి. అంతే. పక్క ఊరి బళ్ళో టీచరట, పేరు హెస్టర్ అట, అని పెద్దమ్మ చెప్పింది. నేను అడగలేదు. అడగకుండా చెప్పేదాకా ఆ మాట చుట్టూ తిరిగాను, అంతే.

ఆర్గన్ మీద ఒక చిన్న అద్దం, పక్కనే ఒక దీపం బిగించి ఉండేవి. పాదిరిగారు పీఠం దగ్గర ప్రార్థన ముగించి చెయ్యెత్తగానే, గోడకేసి కూర్చున్నవాళ్ళు అద్దంలో చూసి ఆమెన్ ఎత్తుకోవాలి. హెస్టర్ ఆమెన్ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం. ఆ క్షణం ఊరంతా నోళ్ళు తెరుచుకుని ఉండేది, పిట్టపిల్లల్లాగా.

"క్లెమ్, ఆ అద్దం మళ్ళీ పడమటికి తిరిగిపోయిందయ్యా," అని పాదిరిగారు ఫోన్ చేసేవారు. వెళ్ళి, పక్కన నిలబడి, పీఠం వైపు తిప్పి, మర బిగించి వచ్చేవాణ్ణి. స్టూలు మీద మాత్రం కూర్చోలేదు. అది ఆవిడది. మా ఊళ్ళో ఒకరి చోట ఇంకొకరు కూర్చోరు. పోయినవాళ్ళ చోట్లు కూడా ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంటాయి. మళ్ళీ వారానికి అద్దం పడమటికి తిరిగి ఉండేది.

"గబ్బిలాలు," అన్నారు పాదిరిగారు.

"ఇంకేం ఉంటాయి," అన్నాను నేను.

ఆ ఏడు వసంతంలో బిషప్ కచేరీ నుంచి అనుమతి వచ్చింది. పీఠం గది తేమకి ఆర్గన్ మీటలు ఉబ్బిపోతున్నాయి, దాన్ని పడమటి కొసకి, గోపురం కిందకి మార్చుకోవచ్చని. అక్కడ నేల ఎగుడుదిగుడు, కాబట్టి ఒక చెక్క అరుగు కట్టాలి. ఊళ్ళో వడ్రంగిని నేనే. పంటల పండగ నాటికి పని పూర్తవ్వాలని పెద్దమ్మ ఆజ్ఞ.

నా చేతులతో నేనే అరుగు కట్టాలి. దాని మీదికి ఆర్గన్ పోతుంది. దానితోపాటు ఆ కుడి చెవీ నా వెనక్కి పోతుంది. ఇక నాకు మిగిలేది స్తంభం.

అందుకే చెక్క ఆరలేదన్నాను. ఆరాక వంకర తిరిగిందన్నాను. రంపానికి పదును లేదన్నాను. అన్నీ సగం నిజాలే.

ఆ కాలు గొడవ తర్వాత హెస్టర్ శుక్రవారం శుక్రవారం సాధనకి వచ్చినప్పుడల్లా నా దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఫ్లాస్క్‌లో టీ తెచ్చేది. మూత నాకిచ్చి, ఆవిడ ఫ్లాస్క్‌తోనే తాగేది.

"ఇవాళ ఏమంటోంది మీ చెక్క?"

"టీలో పంచదార తక్కువంటోంది."

"మీకా, చెక్కకా?"

"మా ఇద్దరికీ తేడా లేదని మా మాస్టారు ఎప్పుడో తేల్చేశారు."

ఆవిడ నవ్వలేదు. "నేనూ టీచర్నే. అలాంటివాళ్ళని చూస్తూనే ఉంటాను. ఆయన మీ గురించి చెప్పలేదు, తనకి పాఠం చెప్పడం చేతకాదని చెప్పుకున్నాడు," అంది. తర్వాత మూతలో ఇంకాస్త టీ పోసింది.

మొహం అటు తిప్పి కళ్ళు నలుపుకున్నాను. రంపపు పొట్టు అన్నాను.

ఇంకో శుక్రవారం తల పైకెత్తి చూస్తూ అడిగింది, "ఆ దూలాల మీది చెక్క దేవదూతల్లో ఒకాయనకి రెక్క లేదేం?"

"ఎప్పుడో పురుగు తినేసింది. కొత్తది చేస్తానంటే పెద్దమ్మ వద్దంది. రెక్క లేకపోయినా కిందపడకుండా ఉన్నాడు, ఇంకేం కావాలంది."

"మీరు కూడా అలాగే ఉంటారు," అని తన దారిన వెళ్ళి వాయించుకుంది. అది పొగడ్తో తిట్టో తేలక నేను ఆ వారం ఎవరి తలుపుకో రెండు మేకులు వంకరగా కొట్టాను.

సెప్టెంబరు సగమయ్యేసరికి చలి ముందే వచ్చేసింది. ఒక శుక్రవారం ఆవిడ చేతి తొడుగులు తీసి వేళ్ళు చూపించింది. కణుపుల దగ్గర ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఇవి చూడండి. ఆ గది ఐసుపెట్టె. గోపురం దగ్గర చలి కాచే పొయ్యి ఉంది. అరుగెప్పుడు అవుతుంది?"

"అవుతుంది."

"ఎప్పుడు?"

"అయినప్పుడు."

"మీరు కావాలనే సాగదీస్తున్నారు. ఆర్గన్ వెనక్కి పోవడం మీకు ఇష్టం లేదు. ఎందుకో చెప్పండి, వింటాను."

చెబితే అయిపోయేది. కానీ నోరు నాది కదా. "ముందున్నా వెనకున్నా వినేదెవరు? సగం మందికి చెవుడు, మిగతా సగం నిద్ర," అన్నాను.

ఆవిడ నెమ్మదిగా తొడుగులు వేసుకుంది.

"సరే. నార్విచ్‌లో ఒక చర్చి వాళ్ళు నన్ను అడుగుతున్నారు. అక్కడ నేల కింద వేడి గొట్టాలున్నాయి. పంటల పండగకి అరుగు అవకపోతే వాళ్ళకి వస్తానని చెప్పేస్తాను. అక్కడ వినేవాళ్ళు కూడా ఉంటారేమో."

ఆ రోజు ఆవిడ సాధన చెయ్యలేదు. సైకిల్ చప్పుడు సమాధుల మధ్య బాట మీదుగా పోయింది. రెక్కలేని దేవదూత నా వంక చూశాడు. చూడకేం చేస్తాడు.

అరుగు కడితే ఆ చెవి కనబడదు. కట్టకపోతే మనిషే కనబడదు. చెక్కమొద్దుకైనా ఆ లెక్క అర్థమవుతుంది.

కట్టాను. అంత మంచి పని అంతకుముందు చెయ్యలేదు. మేకు అనేది లేకుండా చెక్కలో చెక్క దూర్చి, ఎక్కే మెట్టు అంచుని, ఆవిడ కాలికి తగలకుండా, గుండ్రంగా తీశాను. పండగ ముందరి శుక్రవారం మధ్యాహ్నానికి పూర్తయింది. ఆర్గన్ మోసేవాళ్ళు మర్నాడు వస్తారు.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. చర్చి నిండా ఆడవాళ్ళు, యాపిళ్ళు, ఉల్లి జడలు, బీరులో వేసే హాప్ తీగలు. గోధుమ పన ఆకారంలో చేసిన పెద్ద రొట్టెని పీఠం ముందు పెట్టారు. బాప్తిస్మపు తొట్టి చుట్టూ రాతి సింహాల నోళ్ళలో ఎవరో బార్లీ వెన్నులు గుచ్చారు. చీకటిపడేలోగా అందరూ వెళ్ళిపోయారు, పెద్దమ్మ తప్ప. హెస్టర్ కూడా వచ్చింది. నా వైపు చూడలేదు.

"అమ్మాయ్, ఆ ఉత్తరపు వరస మొదటి బెంచీలో కూర్చుని ఈ హాప్ తీగలు కట్టలు కట్టి పెట్టు. మిగతా చోటల్లా కారుతోంది," అంది పెద్దమ్మ.

"అది క్లెమ్ గారి చోటండి."

"వాడి చోటు ఇవాళ నాది. కూర్చో. ఒరేయ్ క్లెమ్, నువ్వెళ్ళి ఆ అద్దం, దీపం ఊడదీసి తీసుకురా. మోసేటప్పుడు పగులుతాయి."

వెళ్ళాను. అద్దం మర తుప్పు పట్టి గట్టిగా ఉంది. నిలబడి తిప్పితే రాలేదు. మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చున్నాను. కన్నంలోంచి చూసినప్పుడల్లా అద్దం ఉండేచోట దీపపు వెలుగు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు దీపం ఆర్పి ఉంది.

అద్దం మళ్ళీ పడమటికే తిరిగి ఉంది. అందులో పీఠం లేదు. గోడలో ఒక ఏటవాలు కన్నం ఉంది. ఆ కన్నంలో, కిటికీ వెలుగులో, హాప్ తీగ చేత్తో పట్టుకుని హెస్టర్ ముఖం ఉంది. ఇటే చూస్తోంది.

మర మీంచి చెయ్యి తీసేశాను. కప్పు మీది సీసపు రేకు మీద వాన మోగుతోంది.

"క్లెమ్." కన్నంలోంచి వచ్చింది గొంతు.

"ఊఁ."

"ఇక్కణ్ణుంచి పీఠం కనబడదే."

"కనబడదు."

"మరి రెండేళ్ళుగా ఏం చూస్తూ ప్రార్థన చేసుకుంటున్నావు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అప్పుడే గమనించాను. అద్దంలోకి చూస్తూనే అన్నాను, "ఈ అద్దంలో పాదిరిగారు కనబడరే."

"కనబడరు."

"మరి ఆమెన్ ఎలా ఎత్తుకునేదానివి?"

"కంగారు పడి, ఒక క్షణం ఆలస్యంగా."

"గబ్బిలాలు అనుకున్నాను."

"అలాగే అనుకో. నువ్వు బిగించి వెళ్ళాక ఆ మర విప్పడానికి ఈ గబ్బిలం గోళ్ళు ఎన్ని విరిగాయో." ముఖం కన్నానికి ఇంకా దగ్గరగా తెచ్చింది. "ఊరంతట్లో దాక్కోడానికి నీకు ఈ చోటే దొరికిందా? ఈ కిటికీ వెలుగంతా సరిగ్గా నీ మొహం మీదే పడుతుంది. ప్రసంగం అంతసేపూ కషాయం తాగినట్టుంటావు. కీర్తన మొదలవగానే ఆ ముడతలన్నీ పోతాయి. మొదట నా వాయింపు అంత బాగుందేమో అనుకున్నాను."

"బాగుండేది కాదు."

"తెలుసు. వేళ్ళు వాచి ఉన్నాయిగా."

"హెస్టర్, ఆ రోజు వినేదెవరు అన్నాను. నేను వింటాను. వినడానికే వస్తున్నాను. దుంపల కోసం అనుకునేవాణ్ణి, కాదు." ఇంతకన్నా పొడుగు మాట నేను ఎప్పుడూ చెప్పలేదు. "ఆర్గన్ వెనక్కి పోతే నాకు ఇక ఏమీ కనబడదు. అందుకే సాగదీశాను. నీ వేళ్ళ సంగతి తెలియక."

కన్నంలో హాప్ తీగ వణికింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఒట్టి మొద్దువి. ఆర్గన్ వెనక్కి మార్చమని పెద్దమ్మగారి చెవిలో పోరింది నేనే. ఎందుకో తెలుసా? నువ్వు జారుకునే తలుపు అక్కడే ఉంది. రెండేళ్ళు చూశాను, ఎప్పటికైనా ఆగి పలకరిస్తావని. ఇక తలుపు దగ్గరే కాపలా కాయడం తప్ప దారి లేకపోయింది."

"మరి నార్విచ్?"

"అడిగింది నిజమే. వెళ్ళాలని లేదు. అయినా అరుగు కట్టావుగా."

"కట్టాను."

"మెట్టు అంచు గుండ్రంగా తీశావు. వస్తూనే చూశాను." గొంతు తగ్గింది. "నాకోసం ఎవరూ అంచులు గుండ్రంగా తీయలేదు, క్లెమ్."

అప్పుడు పెద్దమ్మ పీఠం గది చెక్క తెర దగ్గర ప్రత్యక్షమైంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక పెద్ద గుమ్మడికాయ ఎత్తుకుని ఉంది.

"గోడకి కన్నం ఉంది సరే, తలుపు కూడా ఉంది మనకి," అంది. "ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. ఆ పద్ధతి కూడా ఒకటుంది."

"పెద్దమ్మా, నువ్వు కావాలనే ఆ అమ్మాయిని అక్కడ..."

"గబ్బిలాలు మర విప్పుతాయట్రా పిచ్చిసన్నాసీ? ఆ బెంచీలో నీకన్నా ముందు కూర్చున్నది ఎవరనుకున్నావు? నేను. ఆర్గన్ దగ్గర అప్పట్లో మీ పెదనాన్న." గుమ్మడికాయ నా చేతుల్లో పెట్టింది. "ఆదివారం రోస్టుకి అమ్మాయిని తీసుకురా. దుంపలు ఎక్కువే వేస్తున్నాను."

పెదనాన్నని నేను ఎరగను. నా చిన్నప్పుడే పోయాడు. ఆవిడ ఆయన గురించి అన్నేళ్ళలో చెప్పిన మొదటి మాట అదే. కళ్ళు తుడుచుకోలేదు, అటు తిరిగి యాపిళ్ళు సర్దింది.

పంటల పండగ నాడు ఆర్గన్ గోపురం కింద నుంచి మోగింది. వేడిగా ఉన్న వేళ్ళతో ఆవిడ ఎలా వాయిస్తుందో ఊరు అప్పుడే విన్నది. చివరి కీర్తనకి నేను జారుకోలేదు. జారుకుందామన్నా తలుపు దగ్గర కాపలా ఉంది. పాదిరిగారితో చెయ్యి కలిపి, ఆరోగ్యం బాగుందని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, పాపం, రెండోసారి అడిగారు.

చలికాలంలో మా పెళ్ళి ప్రకటన చదివారు. మా పద్ధతి ప్రకారం ఊరందరి ముందూ పేర్లు చదివి, ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి అని అడుగుతారు. ఎవరూ పలకరు. ఊపిరి కూడా గట్టిగా పీల్చరు. అలాంటిది ఆ వేళ చర్చి పెద్ద ఇనిడ్ పెద్దమ్మే లేచి నిలబడింది.

"నాకు ఒక అభ్యంతరం ఉందండి."

పాదిరిగారి చేతిలో పుస్తకం జారింది.

"పెళ్ళికూతురు నడిచి వస్తుంటే ఆర్గన్ ఎవరు వాయిస్తారు? ఊళ్ళో ఇంకెవరికీ రాదు."

వెనక నుంచి జవాబు వచ్చింది, "నేనే వాయించుకుంటానండి."

అలాగే చేసింది. తెల్లగౌనుతో అరుగెక్కి, తను వచ్చే పాట తనే వాయించుకుని, ముగించి, ఆ గుండ్రటి మెట్టు మీదుగా దిగి, చప్పుడు లేని చర్చిలో ఒక్కతీ నడిచి వచ్చింది. కప్పు మీద వాన పడుతోంది. ఆ నడకంత మంచి పాట నేను వినలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. లోకం మీద నాకున్న ఫిర్యాదులు అలాగే ఉన్నాయి. బడి మాస్టారు, పన్నులు, ప్లైవుడ్డు, ఏదీ మరిచిపోలేదు. కానీ ఆదివారం ఉదయం వాటన్నిటినీ గుమ్మం బయట పెట్టి వస్తాను. లోపల బాకీ ఉన్నవాణ్ణి నేను. ఆ కన్నం తొలిచిన మేస్త్రికి, డబ్బెక్కువై పీఠాన్ని జరిపేసిన ఆ మనవలకి, మూసేద్దామని నోరు తెరిచి అనలేకపోయిన మొహమాటస్తులందరికీ. ఆ మేస్త్రి పేరు ఎవరికీ తెలీదు. చదువు వచ్చి ఉండదు. గోడ అవతల ఏముందో ఇవతలివాడికి కనబడాలి అనుకున్నాడు, అంతే.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ చోటు ఖాళీగానే ఉంచాం. నేను ఇంకా ఆ స్తంభం వెనకే కూర్చుంటాను. కన్నంలోంచి చూస్తే వట్టి గోడ, ఆర్గన్ ఉన్నంత మేర సున్నం ఇంకా తెల్లగా. ఆ తెలుపు వంక చూస్తూ మోకాళ్ళ మీద ఉంటాను. దండం ఎవరికి పెడుతున్నానో పాదిరిగారు అడగరు.

ఆర్గన్ మీద అద్దాన్ని నేనే బిగించాను, సరిగ్గా పీఠానికి ఎదురుగా, ఎవరి గోళ్ళకీ లొంగనంత గట్టిగా. అయినా పాదిరిగారు చెయ్యెత్తాక ఊరంతా నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. వెనక నుంచి ఆమెన్ ఇప్పటికీ ఒక క్షణం ఆలస్యంగానే వస్తుంది.